అరమాత్ర

మాత్రని సరిగ్గా సగానికి విరవటం అందరికీ చేతనయ్యే పని కాదు. కత్తి పెడితే పొడైపోతుంది. పళ్ళతో కొరికితే ఒక ముక్క పెద్దదీ ఒక ముక్క చిన్నదీ అవుతుంది. కాంపౌండరు మాత్రం ఎడమ బొటనవేలి గోరుని మాత్ర నడుమ గీత మీద ఆనించి, కుడి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. టక్కుమని రెండు ముక్కలు. తూకం వేసినా తేడా రాదు. అందుకోసమే ఆ ఒక్క గోరూ పెంచుకున్నాడు. కుక్కలకి గీరుకుంటుందని మిగతా తొమ్మిదీ ఎప్పటికప్పుడు మొదలంటా కత్తిరించుకునేవాడు. ఆ కుక్కల ఆసుపత్రిలో అతన్ని ఎదురుగా కాంపౌండర్ గారూ అనేవాళ్ళు, చాటున అరమాత్ర అనేవాళ్ళు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి, పైకి విసుక్కుంటూ లోపల కాస్త పొంగిపోయేవాడు కూడా.

సోమవారం పొద్దున్నే దర్జీ తన కుక్కని తీసుకొచ్చాడు. అక్కకి కంటి ఆపరేషనట, వారం పది రోజులు ఊళ్ళో ఉండడు. కుక్కని ఆసుపత్రి వెనక వరస గదుల్లో వదిలి వెళ్ళాలి. ముసలి ఆడకుక్క, మట్టిరంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉంటుంది. కడగని గిన్నెలో నీళ్ళు ముట్టదని దానికి దొరసాని అని పేరొచ్చింది. నిన్న సాయంత్రం నుంచి దానికి నీళ్ళ విరేచనాలు.

డాక్టరమ్మ దాన్ని బల్లమీద నిలబెట్టించి జ్వరం చూసింది. మెడ దగ్గర తోలు పైకి లాగి వదిలి, ఎంతలో సర్దుకుంటుందో చూసింది. పెదవి ఎత్తి చిగుళ్ళ మీద వేలు నొక్కింది. పొట్టంతా రెండు చేతులతో తడిమింది.

"జ్వరం లేదు. చిగుళ్ళు బాగున్నాయి, నోరు తడిగానే ఉంది. రక్తం పడట్లేదు. మూడు రోజులు మెత్తటి అన్నం, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, కావలసినన్ని నీళ్ళు. దానంతటదే కట్టుకుంటుంది."

"మరి మాత్ర?" అన్నాడు దర్జీ.

"అక్కర్లేదు."

దర్జీ కాంపౌండరు మొహంలోకి చూశాడు. కాంపౌండరు గోడకేసి చూశాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కోటానికి లోపలికి వెళ్ళగానే దర్జీ గొంతు తగ్గించాడు.

"ఏంటన్నా ఈవిడ? మందివ్వని డాక్టరు! నేను టేపు పట్టుకోకుండా చొక్కా కుట్టినట్టుంది."

"కొత్త చదువులు."

"పెద్ద డాక్టరు ఉన్నప్పుడు ఇట్టా ఉండేదా? ఆయన రాసేవాడు, నువ్వు ఇచ్చేవాడివి, రెండోపూటకి నా దొరసాని లేచి మొరిగేది. ఎవరేమన్నా అను, నీ హస్తవాసి వేరు."

కాంపౌండరు కుక్క మెడపట్టీ చేతికి తీసుకున్నాడు. "నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా. నేనున్నాగా."

ఆ డాక్టరమ్మ వచ్చి ఆరు నెలలు. వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ చేసిన పని, రోజూ చేతికందే బల్లమీదున్న తెల్ల మాత్రల సీసాని తీసుకెళ్ళి అలమరలో పెట్టి తాళం వేయించటం; తాళంచెవి మాత్రం ఎప్పట్లాగే కాంపౌండరు మొలతాడుకే ఉంది. ఇది యాంటీబయాటిక్కండీ, విరేచనాలన్నిటికీ ఇచ్చేది కాదు, అంది. కడుపులో పనికొచ్చే సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి, దొంగెవడో తెలియకుండా వీధంతా లాఠీ తిప్పితే ఎలాగ, అంది. జ్వరమున్నా, రక్తంలోకి విషం పాకిందనిపించినా అప్పుడు నేనే రాస్తాను, అప్పుడు మాత్రం ఒక్క పూట తప్పకూడదు, అంది. కాంపౌండరు తలూపాడు. ఇరవై ఆరేళ్ళుగా తను ఇస్తున్న మందు, తన చేతులమీదుగా లేచి నడిచిన కుక్కలు, అన్నీ కలిపి ఆవిడ ఒక లాఠీ కింద తేల్చేసింది. ఏడో తరగతితో ఆగిపోయినవాడు ఎదురు మాట్లాడితే బాగుండదు. అందుకని తలూపాడు.

కానీ పెద్ద డాక్టరు నాటి మాత్రలు ఇంకా ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా అతని సొంత సొరుగులో, చేతిగుడ్డ కింద ఉంది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వెనక వరసలో ఉన్న రెండు కుక్కల మలం చిన్న సీసాల్లోకి తీయించింది. రెండు నెలలుగా ఆవిడకి అదే దిగులు. వెనక వరసలో కుక్కలకి విరేచనాలు కడుతున్నాయి, నాలుగు రోజులకి మళ్ళీ మొదలవుతున్నాయి. ముందు వరసలో, ఆవిడ స్వయంగా తిండి పెట్టే నాలుగు గదుల్లో, అట్లా జరగటం లేదు. ఆవిడ సీసాలకి మూతలు బిగిస్తూ కాగితం అతని ముందుకి జరిపింది.

"రాస్తారా కాంపౌండర్ గారూ? మీ రాత గుండ్రంగా ఉంటుంది, ల్యాబు వాళ్ళు తప్పు చదవరు."

అతను కార్బను కాగితం సర్ది, కలం ఒత్తి పట్టుకుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాడు. జాతి. వయసు. ఎన్నాళ్ళ నుంచి. ఎన్నిసార్లు.

"గత నెలలో యాంటీబయాటిక్ ఏమైనా పడిందా, అని ఉంటుంది చూడండి."

కలం ఆగింది.

"లేదు అనే రాయండి. మనం ఇవ్వలేదు కదా."

ఆవిడ తలెత్తలేదు. అతను రాశాడు. రెండక్షరాలు. ఒత్తి రాసే అలవాటు వల్ల కింది ప్రతికి కూడా చక్కగా దిగాయి. రెండో కుక్క కాగితం మీద కూడా అవే రెండక్షరాలు.

సాయంత్రం అన్నంలో మాంసం పీచులు కలుపుతూ, సొరుగులోంచి ఒక మాత్ర తీసి టక్కున విరిచాడు. సగాన్ని కల్వంలో వేసి నూరి దొరసాని గిన్నెలో కలిపాడు. ఆ మందు కటిక చేదు. దొరసాని రెండు ముద్దలు తిని తల విదిలించింది. మూతి రెండు పక్కలా తెల్లటి నురగ కమ్మింది. అతను గ్రిల్లు ముందు గొంతుక్కూచుని చేతిగుడ్డతో దాని మూతి తుడిచాడు.

"తినవే తల్లీ. తిను. చదువుకున్నవాళ్ళు చూస్తూ కూచుంటారు. బాధ పడేది నువ్వూ నేనూ."

అది అతని కళ్ళలోకి చూస్తూ గిన్నె నాకింది.

*

మంగళవారానికల్లా దొరసానికి కట్టింది. గోడకి వేలాడే పట్టీలో అతనే రాశాడు: విరేచనాలు కట్టాయి. డాక్టరమ్మ చదివి సంతోషపడింది.

"చూశారా? మందు లేకుండానే."

"అవునమ్మా," అన్నాడు. నవ్వు ఆపుకోటానికి మీసం సవరించుకోవలసి వచ్చింది. బుధవారం రాత్రి తిండితో ఆఖరి సగం కూడా ఇచ్చి మానేశాడు.

గురువారం పదకొండింటికి ల్యాబు నుంచి కాగితాలొచ్చాయి. డాక్టరమ్మ వాటిని రెండుసార్లు చదివింది. తర్వాత కాంపౌండరుని పిలిచింది. ఆ తర్వాత వెనక వరస కడిగే ఆమెని పిలిచింది.

ఆమె గుమ్మం బయటే రబ్బరు చెప్పులు విప్పి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె వస్తే మనిషికంటే ముందు వాసన వచ్చేది. బ్లీచింగు నీళ్ళ వాసన. పదకొండేళ్ళలో అది చర్మంలోకి ఇంకిపోయింది. కాంపౌండరే సరదాకి ఆమెకి బ్లీచింగమ్మ అని పేరు పెట్టాడు. "నువ్వు పెట్టిన పేరుకి ఊరంతా అక్షింతలేసిందన్నా, మా ఇంటి పక్కవాళ్ళు కూడా అట్టాగే పిలుస్తున్నారు," అని ఆమె నవ్వేది.

"కూచో," అంది డాక్టరమ్మ. ఆమె కూచోలేదు.

"వెనక వరసలో కుక్కలకి రోగం తిరగబెడుతోంది, తెలుసు కదా. ఎందుకో ఇందులో ఉంది. మందులకి లొంగని సూక్ష్మజీవి ఒకటి వాటి కడుపులో విపరీతంగా పెరిగిపోయింది. మామూలుగా మందు ఎక్కువ వాడిన కుక్కల్లో అట్లా పెరుగుతుంది. ఈ కుక్కలకి మందే పడలేదు. మరి ఎక్కడినుంచి వచ్చినట్టు? నేలమీంచి రావాలి. గిన్నెల మీంచి రావాలి. అంటే కడగటంలో ఎక్కడో లోపం ఉంది."

"నేను కడుగుతున్నాను కదమ్మా."

"కడగట్లేదని అనట్లేదు. బ్లీచింగు నీళ్ళు పోశాక పది నిమిషాలు నాననివ్వాలి. వెంటనే కొట్టేస్తే ఏమీ చావదు. ముందు వరసా నువ్వే కడుగుతావు, అక్కడ నేను కళ్ళముందుంటాను. వెనక ఎవరూ చూడరు."

"చూసినా చూడకపోయినా నా చెయ్యి ఒకటేనమ్మా."

డాక్టరమ్మ కాంపౌండరు వైపు తిరిగింది. "వెనక తిండి పెట్టేది మీరే కదా. నీళ్ళు పోశాక ఎంతసేపు ఆగుతుంది ఈవిడ?"

అతను చూపు తిప్పుకున్నాడు. బల్లమీద ల్యాబు కాగితానికి తను రాసిన కాగితం ప్రతి గుచ్చి ఉంది. గుండ్రటి రాత. పైనుంచి కూడా చదవచ్చు.

"నేనంత గమనించలేదమ్మా," అన్నాడు.

కడిగే ఆమె అతనికేసి చూసింది. కోపంగా కాదు. ఏదో తెచ్చిచ్చేవాడి చేతులకేసి చూసినట్టు, ఇంకేమైనా అంటాడేమోనని చూసింది.

"శనివారం దాకా చెయ్యి," అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కసి లేదు, అలసట ఉంది. "సోమవారం నుంచి వేరే మనిషిని చూసుకుంటాను. నీమీద నాకేం కోపం లేదు. జంతువులు చచ్చిపోతాయి, అర్థం చేసుకో."

"ఇంకోచోట అడిగితే ఏమని చెప్పుకోనమ్మా? ఎందుకు తీసేశారంటే?"

డాక్టరమ్మ ల్యాబు కాగితాలు మడిచి పక్కన పెట్టింది. వంటమనిషిని ఉప్పెక్కువేస్తోందని పంపిస్తే ఇంకో ఇంట్లో చేరుతుంది. కడిగే మనిషిని మురికని పంపిస్తే ఎవరు పెట్టుకుంటారు? ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. శుభ్రం తప్ప ఆమెకి ఇంకో చదువు లేదు.

ఆమె చెప్పులు తొడుక్కుని వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి వెనకనుంచి చీపురు నేలకేసి రాస్తున్న చప్పుడు వినిపించింది. ఎప్పటి వేగమే. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

*

ఆ సాయంత్రం ఇంట్లో కాంపౌండరు కంచం ముందు కూచుని మెతుకులు కెలికాడు. పొట్టలో ఒకటే గుడగుడ. ఇంటావిడ చూసి చూసి లేచి, అటకకింద పెట్టెలోంచి కాగితప్పొట్లం తెచ్చి కంచం పక్కన పెట్టింది. అందులో సగం మాత్ర.

"ఇదిగో, మీ ప్రసాదం."

"వద్దు."

"అదేంటి, పొట్టలో పిల్లులు కొట్టుకుంటుంటే? ఈ ఇంట్లో ఎవరి కడుపు నొచ్చినా అర, ఎవరి కాలు బెణికినా అర. మీరు నవ్వినా సగమే నవ్వుతారు. ఇవాళ ఆ సగం కూడా లేదు. ఏమైంది?"

చెప్పాడు. అంటే తన సంగతి మినహాయించి చెప్పాడు. కుక్కలకి రోగం తిరగబెట్టటం, ల్యాబు కాగితం, బ్లీచింగమ్మని తీసెయ్యటం.

"ఆవిడ చేతిలో మురికా?" ఇంటావిడ బుగ్గన వేలేసుకుంది. "ఒకసారి మనింటికొచ్చి టీ తాగి వెళుతూ వెళుతూ తన గ్లాసూ నా గ్లాసూ మెరిసేలా తోమి బోర్లించి వెళ్ళింది. నేను తోమిన గిన్నె ఆ పక్కనుంటే నాకే సిగ్గేసింది. మీ డాక్టరమ్మకి చెప్పలేకపోయారా?"

"కాగితంలో ఉంటే నేనేం చెప్పను?"

"కాగితం బోర్లించిన గ్లాసుల్ని చూసిందా?"

అతను నీళ్ళు తాగాడు. మాత్ర వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఇంటావిడ పొట్లం మడిచేస్తూ, మామూలుగా, ఉతికిన బట్టల లెక్క చెప్పినట్టు అంది:

"వేసుకోకపోతేనే మేలు లెండి. మీ పొట్ట సంగతి నాకు తెలీదా? వేసుకున్న రెండు రోజులూ బాగుంటుంది. మానేసిన నాలుగో రోజుకి మళ్ళీ మొదలు. మళ్ళీ అర. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నా. అసలు రోగం ఏ కాలంనాడో పోయి ఉంటుంది, ఇప్పుడున్నదంతా మీ మాత్ర పెట్టిన రోగమే."

ఆమె పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతను చెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందే కూచున్నాడు.

*

శుక్రవారం పొద్దున్న దొరసాని గదిలో నేలంతా పసుపుపచ్చటి నీళ్ళు. మూలకి ఒదిగి, వాలిన చెవి ఇంకా వాల్చుకుని, తప్పు చేసినదానిలాగ చూసింది. నాలుగో రోజు కూడా కాలేదు, రెండో రోజే.

కాంపౌండరు గ్రిల్లు పట్టుకుని నిలబడి, బతుకులో మొదటిసారి, వేళ్ళు ముడుస్తూ లెక్క వేసుకున్నాడు. డబ్బా తెరవటం మొదలుపెట్టిన ఈ రెండు నెలల్లో తను సగం మాత్ర ఇచ్చిన కుక్కలు ఎన్ని? ఏడు. తిరగబెట్టినవి? ఆరు. తిరగబెట్టనిది ఒక్కటే, చివరి గదిలో ఉండిన నల్లకుక్క, నల్లోడు. వాడికి మాత్ర పడలేదు. ఇవ్వలేదని కాదు, ఇవ్వనియ్యలేదు. ఆ కరిచే వెధవ మాత్ర కలిపిన ముద్దని ముద్దగానే తీసి అతని కాళ్ళమీద ఉమ్మేశాడు. రెండు పూటలు చూసి, చావు పో అని వదిలేశాడు. వాడికి మూడో రోజుకి దానంతటదే కట్టింది. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ రాలేదు. అదే వరస. అదే నేల. అదే చీపురు.

మధ్యాహ్నం అతను వెనక వరస గుమ్మంలో బల్లమీద కూచున్నాడు. పట్టీలు సరిచూస్తున్నట్టు నటించాడు. ఆమె ముందు మురికంతా రేకుతో ఎత్తింది. ఒట్టి నీళ్ళు కొట్టింది. సబ్బు నీళ్ళతో మూలలు, గ్రిల్లు కాళ్ళు, కాలువ అంచులు గీకింది. మళ్ళీ నీళ్ళు. అప్పుడు బ్లీచింగు నీళ్ళు పోసి, గది గదికీ వెనక్కి నడుస్తూ వచ్చి, నీళ్ళ పైపు గోడకి తగిలించి, తొట్టి దగ్గర చిన్నపీట మీద కూచుంది. గిన్నెలు ముందేసుకుంది. తొమ్మిది గదులకి తొమ్మిది గిన్నెలు. ఒక్కొక్కటీ తిరగేసి మరగేసి తోమింది. తొమ్మిదో గిన్నె బోర్లించాక లేచి పైపు అందుకుంది.

అతను చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండు నిమిషాలు.

ఆమెకి గడియారం లేదు. ఆమెకి గిన్నెలే గడియారం.

*

శనివారం ఆమె ఆఖరి గిన్నె తోముతున్నప్పుడు అతను వెళ్ళి తొట్టి గట్టుమీద కూచున్నాడు.

"నీ కడగటం నిన్న చూశాను," అన్నాడు. "ఇంత బాగా ఎవరూ కడగరు."

"మొన్న గమనించలేదన్నావుగా అన్నా." నవ్వుతూనే అంది. చేతిలో పీచు ఆగలేదు.

"అది కాదు చెల్లెమ్మా. నీకో మాట చెప్పాలి. కుక్కలకి రోగం తిరగబెట్టటానికి…"

"మాత్ర సంగతా?"

అతను గట్టుమీంచి లేచి నిలబడ్డాడు.

ఆమె గిన్నె వంచి అడుగు చూపించింది. ఇప్పుడు అందులో ఏమీ లేదు, అద్దంలా ఉంది. "ఇక్కడ అంటుకుని ఉండేది, తెల్లగా. మొదట సున్నమనుకున్నా. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నా. అబ్బో! సాయంత్రం దాకా నీళ్ళు కూడా చేదే. మా అమ్మకి కడుపు చెడితే నువ్వొకసారి పొట్లం కట్టిచ్చావు చూడు, అదే చేదు. నాలుక మర్చిపోదుగా."

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

"మరి గురువారం ఆవిడ ముందు ఎందుకు చెప్పలేదు?"

ఆమె పీచు తొట్టి గట్టుమీద పెట్టింది. మొదటిసారి పని ఆపి అతనికేసి తిరిగింది.

"ఏమని చెప్పనన్నా? మందు కలిపేవాడు కలపలేదంటున్నాడు, చీపురు పట్టుకునేది కలిపాడంటోంది. ఎవరి మాట నిలుస్తుంది? ఆవిడ నిన్ను కాంపౌండర్ గారూ అంటుంది, నన్ను కూచో అంటుంది." గొంతు తగ్గింది. "అయినా అది మంచి మందే అనుకున్నాగా. ఆవిడకి తెలీకుండా పాపం మూగజీవాల్ని బాగుచేస్తున్నాడు, నేను చెబితే ఆయన పని పోతుందనుకున్నా. నీ హస్తవాసి గురించి నేను ఎంతమందికి చెప్పానో నీకు తెలుసా? గురువారం ఆవిడ నిన్నడిగినప్పుడు కూడా, నువ్వు నాకోసం ఒక్క ముక్క చెబుతావనే నిలబడ్డా. మాత్ర సంగతి కాదన్నా. ఆగుతుందమ్మా, పది నిమిషాలు ఆగుతుంది, అని. అంతే. దానికి నీకేం పోయేది?"

లోపల ఎక్కడో కుక్క గోళ్ళు గ్రిల్లుమీద గీకుతున్న చప్పుడు. ఆమె లేచి పైపు అందుకుంది.

కాంపౌండరు తన సొరుగు దగ్గరికి వెళ్ళి చేతిగుడ్డ తీశాడు. బిస్కెట్ డబ్బా చంకలో పెట్టుకున్నాడు. తెల్ల కాగితం ఒకటి, కలం ఒకటి తీసుకుని, మందుల బల్లముందు నిలబడి రాశాడు. కుక్కల పేర్లు ఒకదాని కింద ఒకటి. ఎదురుగా తేదీలు. ఎదురుగా ఎన్ని సగాలు. నల్లోడి పేరు దగ్గర, ఇచ్చాను, ఉమ్మేశాడు, అని రాశాడు. గుండ్రటి అక్షరాలు, ఒత్తి రాసినవి. కింద కార్బను పెట్టలేదు, ప్రతి అక్కర్లేదు. రాయటానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంత పొడుగు కాగితం అతను బడి మానేశాక ఎప్పుడూ రాయలేదు.

డాక్టరమ్మ నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ కూచుంది. డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది.

"ఎందుకు చేశారు?"

"బాధపడుతుంటే చూడలేక," అన్నాడు. డబ్బాకేసి చూస్తూ, "అదొక్కటే కాదమ్మా. నా చెయ్యి లేకుండా అవి బాగుపడతాయంటే, చూడలేక."

బయట ఎవరో కుక్కని ఎత్తుకొచ్చి గంట నొక్కారు. ఆవిడ వినిపించుకోలేదు.

"ఆ ల్యాబు కాగితం మీద మీరు ఒక్క ముక్క నిజం రాసుంటే, నేను ఆ మనిషిని అంత మాట అనేదాన్ని కాదు." ఆవిడ కళ్ళు తుడుచుకుందో, నుదురు తుడుచుకుందో. "నేనూ ఆ వెనక గుమ్మంలో ఒక్కరోజు కూచుని చూడలేదు. కాగితం చూసి తీర్పు చెప్పాను. అలమర తాళం ఇటివ్వండి."

అతను మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఉంది. ఇరవై ఆరేళ్ళ ముడి, చెమటకి రాయిలా అయింది. బొటనవేలి గోరుతో లాగాడు. ముడి ఊడింది, గోరు సగానికి విరిగింది.

"ఇంటికి వెళ్ళిపోమంటారా?"

"వెళితే కుక్కల్ని ఎవరు పట్టుకుంటారు? అవి మిమ్మల్ని నమ్ముతాయి." ఆవిడ ఆ మాట మెచ్చుకోలుగా అనలేదు. "మందు ముట్టుకోవద్దు. తిండి గిన్నె ముట్టుకోవద్దు. వెనక వరసలో చెయ్యండి. ఆ కడిగే ఆవిడ ఏం చెబితే అది. ఆవిడ ఉంటానంటే."

లేచి తనే వెనక వరసకి వెళ్ళింది. అతను వెనకాల వెళ్ళలేదు. గోడకి ఇవతల నిలబడి విన్నాడు. డాక్టరమ్మ గొంతు చాలాసేపు వినిపించింది. మొట్టమొదటి మాట మాత్రం స్పష్టంగా వినపడింది. "అమ్మా, కాస్త మీతో మాట్లాడాలి."

జవాబుగా ఆమె ఏమందో వినపడలేదు. నీళ్ళ పైపు కట్టేసిన చప్పుడు మాత్రం వినిపించింది.

*

సోమవారానికి దొరసాని ఇంకా పలచగానే పోతోంది. మంగళవారం కాస్త చిక్కబడింది. అన్నం, మాంసం, నీళ్ళు, అంతే. బుధవారం పొద్దున్న కాంపౌండరు రేకు పట్టుకుని దాని గదిలోకి వెళ్ళేసరికి నేలమీద గట్టిగా, ముద్దగా ఉంది. దొరసాని తోక ఊపి తన గిన్నె వైపు చూసింది. అతను చాలాసేపు ఆ ముద్దని చూస్తూ నిలబడ్డాడు. అతని చెయ్యి పడకుండా కట్టిన విరేచనం అది. పట్టీలో రాయటానికి అలవాటుగా జేబులో కలం వెతుక్కున్నాడు. పట్టీ రాసే పని ఇప్పుడు అతనిది కాదు.

దర్జీ వచ్చి కుక్కని తీసుకెళుతూ అతన్ని గుమ్మంలో పట్టుకున్నాడు. అక్క కన్ను బాగుందని చెప్పి, దొరసాని పొట్ట తడిమి, కన్ను గీటాడు.

"ఇచ్చావుగా? నాకు తెలుసు. నీ హస్తవాసన్నా, ఊరికే అంటామా!"

"ఇవ్వలేదు," అన్నాడు కాంపౌండరు. "ముందు ఇచ్చాను. దానివల్లే మళ్ళీ పోయింది. మానేశాక తగ్గింది."

దర్జీ అతని మొహం, అతని చేతిలో చీపురు, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు, అన్నీ ఒక్కసారి చూశాడు. పరాచికమో నిజమో తేల్చుకోలేక, అర నవ్వు నవ్వి కుక్కని లాక్కుని వెళ్ళిపోయాడు.

కాంపౌండరు వెనక్కి వచ్చి దొరసాని ఖాళీ చేసిన గది కడిగాడు. రేకుతో ఎత్తాడు. నీళ్ళు కొట్టాడు. సబ్బుతో మూలలు గీకాడు, కాలువ అంచులు గీకాడు. మళ్ళీ నీళ్ళు. బ్లీచింగు నీళ్ళు పోసి వెనక్కి నడిచొచ్చాడు. కళ్ళు మండాయి. ఆమె తొట్టి దగ్గర పీటమీద కూచుని గిన్నెలు తోముతోంది. మూడోదో, నాలుగోదో. అతను చెయ్యి చాపి పైపు అందుకున్నాడు.

"ఆగండి," అంది ఆమె, తలెత్తకుండా.

అతని చెయ్యి పైపు మీదే ఉండిపోయింది.

పదకొండేళ్ళు ఆమె అతన్ని అన్నా అని పిలిచింది, నువ్వు అంది, ఎగతాళి చేసింది, ఒక్కసారి కూడా గారూ అనలేదు. ఇప్పుడు ఆ గొంతులో కోపం లేదు. కసురు లేదు. దారినపోయే పెద్దమనిషితో మాట్లాడినట్టు, మర్యాదగా ఉంది.

"ఇంకా నానాలండి," అంది. "గిన్నెలవ్వాలి."

కాంపౌండరు పైపు గోడకి తగిలించాడు. గోరు విరిగిన బొటనవేలిని పిడికిట్లో మూసుకుని, ఐదో గిన్నె బోర్లించటం, ఆరో గిన్నె అందుకోవటం చూస్తూ, నిలబడ్డాడు.